ప్రశ్నించి చదవడం నేర్పిన కట్టమంచి

చిత్తూరు పట్టణాన్ని ఆనుకొని ఉన్న కట్టమంచి గ్రామం తెలుగు సాహిత్య విమర్శకు ఒక మార్గదర్శిని అందించింది. 1880 డిసెంబరు 10న అక్కడ కట్టమంచి రామలింగారెడ్డి జన్మించారు. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాడు జిల్లాలో భాగం. తెలుగు, తమిళం ఇరుగుపొరుగుగా వర్ధిల్లిన సీమ అది.

ఉన్నత విద్యకై మద్రాసు చేరిన ఆయన, నాడు జార్జిటౌనులో ఉన్న క్రైస్తవ కళాశాలలో చదివారు. తెలుగు పండితులు సమర్థి రంగయ్యసెట్టి ఆయనను ప్రోత్సహించారు. విద్యార్థి దశలోనే 'ముసలమ్మ మరణము' కావ్యం రచించి కళాశాల పోటీలో బహుమతి పొందారు. అనంతపురం ప్రాంతంలోని బుక్కరాయసముద్రం చెరువుకట్ట నిలిచేందుకు ప్రాణమర్పించిన రైతు కోడలి గాథ అది. రాజులకూ దేవతలకూ పరిమితమైన కావ్యపీఠంపై పల్లె ఇల్లాలిని నిలపడమే ఒక సాహసం.

కేంబ్రిడ్జిలో విద్య ముగించుకొని వచ్చి, మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులయ్యారు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వెలువరించారు. పింగళి సూరన కావ్యాలను ఆధారం చేసుకొని, కవిత్వానికి ప్రాణం అలంకారాల ఆడంబరం కాదని, భావనాశక్తి అని వాదించారు. కథ ఒక్కతాటిపై నడిచిందా? పాత్రలు సహజంగా ప్రవర్తించాయా? వర్ణన కథకు తోడ్పడిందా, అడ్డుపడిందా? ఈ ప్రశ్నలతో ప్రబంధాలను పరీక్షించారు. సూరన కథాకల్పనను మెచ్చుకుంటూనే లోపాలనూ ఎత్తిచూపారు.

పూర్వకవులను తప్పుపట్టడం అపచారమని భావించిన పండితులు ఆగ్రహించారు. పాశ్చాత్యుల కొలబద్దతో మన కావ్యాలను కొలవడం తగదన్న ఆక్షేపణలోనూ కొంత న్యాయం లేకపోలేదు. అయినా ఆ వాదవివాదాల నుండే ఆధునిక తెలుగు విమర్శ బలపడింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులయ్యారు. స్వాతంత్ర్యోద్యమంపై ప్రభుత్వ నిర్బంధానికి నిరసనగా 1930లో రాజీనామా చేశారు. కావ్యం ముందు తలవంచని బుద్ధి పదవి ముందూ తలవంచలేదు. 1936 నుండి 1949 వరకు తిరిగి ఆ బాధ్యత వహించారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

పద్యాన్ని వల్లెవేయించడంతో చదువు పూర్తికాదు. ఆ పద్యం ఎందుకు బాగుందని పల్లెబడిలో ఒక పసివాడు అడిగితే, వాని నోరు మూయించక జవాబు వెదకడమే కట్టమంచికి తగిన నివాళి.