మహావీరాచార్యుడు

బాలబాలికలారా! ఉగాదినాడు మన ఇండ్లలో ఆరు రుచుల పచ్చడి చేయుదురు గదా! తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు అను వీనిని ఒక్కొక్కటిగాను, రెండేసి, మూడేసి చొప్పునను, తుదకు ఆరింటిని చేర్చియు కలుపుచు పోయినచో మొత్తము ఎన్ని విధముల రుచులు ఏర్పడును? వేయి సంవత్సరములకు పూర్వమే మన కన్నడదేశమున ఈ లెక్కను తన గ్రంథమున వేసిన మహనీయుడు మహావీరాచార్యుడు.

ఆయన క్రీ. శ. 850 ప్రాంతమువాడు, జైనుడు. 814 నుండి 878 వరకు రాజ్యమేలిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున వర్ధిల్లెను. ఆ రాజు రాజధాని మాన్యఖేటము నేడు కలబురగి జిల్లాలోని మళఖేడ. కన్నడమున ‘కవిరాజమార్గము’ వెలసినదియు ఆ ఆస్థానముననే. మహావీరుడు గ్రంథారంభమున జినునకు మ్రొక్కి, రాజును కొనియాడెనే గాని తన ఊరు పేరు, తలిదండ్రుల ముచ్చట చెప్పుకొనలేదు. ఆయన రచించిన ‘గణితసారసంగ్రహము’ ఆయన జీవితము.

ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు గణితమును జ్యోతిషగ్రంథములలో ఒక భాగముగా చెప్పిరి. మహావీరుడు గణితమునకే ప్రత్యేకముగా ఒక సంస్కృతగ్రంథము వ్రాసెను. అందు రుచుల లెక్కకు ఒక సూత్రము కలదు. ఒకటి మొదలు వరుసగా సంఖ్యలను క్రింద వ్రాసి, వానినే తిరుగువరుసలో పైన వ్రాయవలెను. ఎన్నేసి వస్తువులను కలుపుదుమో అన్ని పైసంఖ్యల లబ్ధమును, అన్ని క్రిందిసంఖ్యల లబ్ధముచే భాగింపవలెను. ఆరు రుచులలో రెండేసి కలిపినచో, ఆరైదుల ముప్పదిని రెండుచే భాగింపగా 15 వచ్చును. ఇట్లే ఒక్కొక్కటి 6, మూడేసి 20, నాలుగేసి 15, అయిదేసి 6, అన్నియు కలిపినది 1. మొత్తము 63.

ఈ 63 మన వైద్యులు అంతకుముందే ఎరిగినదే. కాని ఎన్ని వస్తువులకైనను చెల్లు సామాన్యసూత్రమును స్పష్టముగా చెప్పినది, మనకు లభించిన గ్రంథములలో, ఇదియే మొదటిదని చరిత్రకారులు ఎంచుదురు. 1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో ఈ విధానమునే బోధించెను. ఐరోపాలో హెరిగోన్ తన గ్రంథమున దీనిని 1634లో ప్రకటించెను.

అంతటివాడును ఒకచోట పొరబడెను. సున్నచే భాగించినను సంఖ్య మారదని వ్రాసెను. అది సరికాదని నేటి విద్యార్థియు ఎరుగును. పెద్దలను గౌరవించుచునే వారి లెక్కను సరిచూచుకొనుట శాస్త్రధర్మము.

ఈ గ్రంథము కన్నడదేశముననే నిలిచిపోలేదు. పదునొకండవ శతాబ్ది వాడని చెప్పబడు పావులూరి మల్లన దీనిని ‘సారసంగ్రహగణితము’ అను పేర తెనిగించెను. మన భాషలో తొలి శాస్త్రగ్రంథముగా దానిని పేర్కొందురు. 1912లో మదరాసున రంగాచార్యులవారు మూలమును ఆంగ్లానువాదముతో ప్రకటింపగా లోకమంతయు మహావీరుని గుర్తించెను.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తలిదండ్రులు కొందరు, తెలుగులో లెక్కలు నేర్చిన బిడ్డ ఎంతదూరము పోగలడని సందేహింతురు. కన్నడరాజు నీడలో, సంస్కృతమున పుట్టిన గణితమును మల్లన తెలుగు పద్యములలో ఒదిగించి తొమ్మిది వందల యేండ్లు దాటినది. శాస్త్రమునకు భాష ఎల్లకట్టు కాదు. అది లోనికి వచ్చు వాకిలి. ఇంటి వాకిలి తెరచియుంచి, వీధిలోని కన్నడమును, దూరపు ఆంగ్లమును గూడ చక్కగా నేర్చుకొనుడు.