కమ్మరి కొడుకు వెలిగించిన కరెంటు పొయ్యి

మైనస్ ఇరవై చలిలో కెనడాలో సైటు పని చేసే మాబోటి వాళ్లకు ట్రెయిలర్‌లో ఉన్న చిన్న కరెంటు హీటరే దేవుడు. ఆ వేడిని ఈ దేశంలో తొలిరోజుల్లోనే జనం ముందుకు తెచ్చిన మనిషి థామస్ అహెర్న్. ఒట్టావాలో పేరున్న మనిషే గానీ, మన వాళ్లలో ఎంతమంది విన్నారో మరి!

1855లో ఒట్టావాలోని లెబ్రెటన్ ఫ్లాట్స్‌లో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారాయన. తండ్రి కమ్మరి. కుర్రతనంలోనే ఒక కలప కంపెనీ ఆఫీసులో జీతం అడక్కుండా చేరి, బదులుగా టెలిగ్రాఫ్ పని నేర్చుకున్నారు. తర్వాత సిగార్ పెట్టెలతో సొంతంగా టెలిఫోన్ కూడా తయారుచేశారు. వారెన్ సోపర్ అనే మిత్రుడితో కలిసి కరెంటు కాంట్రాక్టులు పట్టారు. షోడియేర్ జలపాతం నీటితో కరెంటు తీశారు. 1891లో ఊళ్లో ఎలక్ట్రిక్ ట్రాములు నడిపించారు.

ట్రాములు వచ్చాయి సరే, మరి చలి? పెట్టెల్లో కరెంటు హీటర్లు పెట్టించారు. తీగలో కరెంటు పారితే రెసిస్టెన్స్ వల్ల వేడి పుడుతుంది. లైన్లు లాగేవాడికి అది నష్టం. అహెర్న్ ఆ నష్టాన్నే సరుకు చేసుకున్నారు. 1892 ఆగస్టులో విండ్సర్ హోటల్లో పెద్ద విందు ఇచ్చారు. వంటలన్నీ కరెంటు పొయ్యి మీదే! వేరే చోట వండి, ట్రాములో హోటల్‌కు తెచ్చి వడ్డించారు.

దీని వెనకున్న లెక్క జర్మనీ బడిపంతులు ఓం 1827లోనే పుస్తకంలో పెట్టాడు. మేము డిప్లొమాలో పరీక్ష కోసం బట్టీ కొట్టిన లెక్కే. ఇక్కడికొచ్చాక గానీ దాని విలువ తెలియలేదు. మా ట్రెయిలర్ హీటర్‌కు మీటరు పెడితే 120 వోల్టులు, 12.5 ఆంప్స్ చూపించింది. వోల్టుల్ని ఆంప్స్‌తో భాగిస్తే రెసిస్టెన్స్ 9.6 ఓమ్‌లు. గుణిస్తే పవర్ 1500 వాట్లు. అంతే.

మన ఊళ్లో 230 వోల్టులు కాబట్టి అదే 1500 వాట్లకు ఆరున్నర ఆంప్స్ చాలు. ఇక్కడ దాదాపు రెట్టింపు లాగుతుంది. తీగలో వేడి మాత్రం రెట్టింపు కాదు, కరెంటు వర్గాన్ని బట్టి దాదాపు నాలుగింతలు! ఇక్కడే మనవాళ్లు బోల్తా పడేది.

ఒక చలికాలం మేము రెండో హీటరు కూడా అదే లైనుకు తగిలించాం. 25 ఆంప్స్ కావాలి, బ్రేకరేమో 15ది. టప్పున పడిపోయింది. అది మంచిదే, కాపాడింది. తర్వాత ఒక్క హీటరే ఉంచి, 50 అడుగుల సన్న ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట విప్పకుండానే పెట్టాం. ఈసారి బ్రేకరు కిమ్మనలేదు, 12.5 ఆంప్స్ దానికి లెక్కలోకి రాదు కదా. వైరు రెసిస్టెన్స్ సుమారు 0.4 ఓం. 12.5ను 12.5తో, మళ్లీ 0.4తో గుణించండి, 60 వాట్ల పైమాటే. అంటే పాతకాలం బల్బొకటి ఆ చుట్టలో వెలుగుతున్నట్టే. మధ్యాహ్నానికి రబ్బరు వాసన. ముట్టుకుంటే తొడుగు మెత్తబడి ఉంది. బేస్‌మెంట్ గదిలో రాత్రి నిద్రలో అయితే?

అహెర్న్ తర్వాత ఊరి కరెంటు, ట్రాముల వ్యాపారంలో పెద్ద ధనవంతుడయ్యారు. 1927లో రాజధాని అభివృద్ధి కమిషన్‌కు అధ్యక్షుడయ్యారు. 1938లో కన్నుమూశారు. మేమైతే ఆ రోజే మందపాటి వైరు కొని, హీటరును నేరుగా గోడ ప్లగ్గుకు మార్చాం. మందం వైరు మిగతా పనులకు పనికొచ్చింది.