క్లౌ దొరగారు – ఒంగోలు కళాశాల



బెంగళూరులో స్థిరపడిన మన తెలుగు బాప్తిస్టు కుటుంబాలలో తాతల ఊరు ఏదని అడిగితే ఒంగోలు, కనిగిరి, పొదిలి ప్రాంతాల పేర్లు చెప్పేవారు చాలామంది. క్లౌ దొరగారి పేరు తెలియని ఇల్లు వారిలో ఉండదు. అయితే మన పిల్లలకు ఆయనను గూర్చి తెలిసింది ఒకే దినము ఇచ్చిన బాప్తిస్మముల సంఖ్య మాత్రమే. ఆయన చదువు కొరకు పడిన ప్రయాస కూడా వారికి తెలియాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో పుట్టారు. యౌవనంలో మిన్నెసోటా అడవులలో భూమి కొలిచే సర్వే పని చేశారు. లాయరు కావాలన్నది ఆయన కోరిక. భక్తి అంటే గిట్టేది కాదు. కాలేజీలో గదిలో కలిసి ఉన్న స్నేహితుడు మోకాళ్ళూనితే, సుద్దముక్కతో గది మధ్య గీత గీసి, ప్రార్థన ఏదైనా గీతకు అవతలే చేసుకొమ్మన్నారట! అటువంటి వానిని ప్రభువు పట్టుకున్నాడు. 1864 నవంబరులో జూవెట్ దొరగారితో ఓడ ఎక్కి, 1865లో భార్య హారియెట్ అమ్మగారితో నెల్లూరు చేరారు. 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. జూవెట్‌గారు 1854 నూతన సంవత్సర దినాన ఏ కొండ మీద ప్రార్థించారో ఆ ఊరే అది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో సంఘం ఏర్పడింది.

ఇక్కడ ఒక సంగతి నిదానంగా చెప్పాలి. దొరగారు ఒంగోలులో బడి పెడితే పై కులాల పిల్లలు చేరారు. పెద్దింటివారు సువార్త వింటున్నారని ఆయనకు సంతోషం. అంతలో తాళ్ళకొండపాడు నుండి యెర్రగుంట్ల పేరయ్యగారి మూలంగా మాదిగలు రావడం మొదలైంది. వారిని చేర్చుకుంటే మా పిల్లలను పంపమని ఊరి పెద్దలు ఖండితంగా చెప్పారు. దొరగారు ఒక గదిలో, అమ్మగారు మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయంలో ఒకే భాగం కనబడింది. లోకంలో ఎన్నికలేని వారిని దేవుడు ఏర్పరచుకున్న సంగతి చెప్పే భాగమది. మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

1876–78 కరువు సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. ఆయనకు సర్వే విద్య అప్పుడు అక్కరకు వచ్చింది. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి, కూడు ఇచ్చారు. బోధకులే మేస్త్రీలు. కూటి కొరకు మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మములు ఆపివేశారు. ఈ నిగ్రహమే ఆయన గొప్పతనమని మేము తలుస్తాము. పని ముగిసిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినము దొరగారు తాము నీటిలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున ఇచ్చారు. ఆ తరువాత నాలుగైదేండ్లలో సంఘ సభ్యులు 20 వేలు దాటారు.

ఇంతమందికి చదువు ఎవరు చెప్పాలి? పల్లె బడులు పెట్టారు, ఒంగోలులో ఉన్నత పాఠశాల లేచింది. అది చాలదని దొరగారు స్వదేశం వెళ్ళి, ఒంగోలు కళాశాల కొరకు 50 వేల డాలర్లు, కొత్తగా 25 మంది మిషనెరీలు కావాలని సంఘాలను అడిగారు. అడిగిన ధనం సమకూర్చుకొనే తిరిగి వచ్చారు. ఆ విధంగా పాఠశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి చేరిన సెకండు గ్రేడు కాలేజీ అయింది. అంటే మెట్రిక్ తరువాత రెండేండ్ల ఎఫ్.ఎ. చదువు. ఇక్కడ మన పిల్లలు చదివే పి.యు.సి. వంటిదే అనుకోండి.

ఆ కళాశాల ఎక్కువకాలం నిలువలేదు. కొన్నేండ్లకు కాలేజీ తరగతులు ఆగి, ఉన్నత పాఠశాలే మిగిలింది. వెట్టి చేసే తండ్రి కొడుకు అక్షరాలు దిద్దడమే కష్టమైన రోజులలో ఎఫ్.ఎ. వరకు ఎందరు రాగలరు? కాలేజీ గదులు కట్టడం సులువు, పల్లె నుండి పిల్లవానిని అక్కడికి చేర్చడం కష్టం. మేము ఉపాధ్యాయ శిక్షణ పొంది బడులలో పనిచేసిన వారము గనుక ఈ మాట అనుభవంతో అంటున్నాము. ఈ బెంగళూరులో సైతం ఫీజు కట్టలేక పి.యు.సి. మధ్యలో మానిన పిల్లలు మన సంఘాలలో లేరా? కాలేజీ ఆగినందుకు దొరగారిని తప్పుపట్టేవారితో మేము ఏకీభవించము. తొందరపడ్డారంటే మాత్రం కొంత ఒప్పుకుంటాము.

చివరి ఏండ్లలో తుంటి ఎముక విరిగి దొరగారు మునుపటివలె పల్లెలు తిరగలేకపోయారు. తన జీవిత కథను రెండవ భార్య ఎమ్మా అమ్మగారికి చెప్పి వ్రాయించారు. అది 1914లో అచ్చయింది. అప్పటికి ఆయన లేరు. 1910 నవంబరు 24న న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరులో ప్రభువునందు నిద్రించారు.

ఒంగోలులో ఎ.బి.ఎం. ఆవరణ ఇప్పటికీ ఉంది. ఎ.బి.ఎం. పేరుతో కళాశాల కూడా ఉంది. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు పిల్లలను అక్కడికి, ప్రార్థన కొండకు, గుండ్లకమ్మ రేవుకు తీసుకొని వెళ్ళండి. మేము మనుమలతో వెళ్ళినప్పుడు చిన్నవాడు అడిగిన మొదటి ప్రశ్న, ఆ దినము బడి ఖాళీ చేసి వెళ్ళిన పిల్లలు మళ్ళీ వచ్చారా తాతయ్యా అని.