కడుపులో పురుగుల జాడ చూపిన గ్రాస్సీ

పిల్లవాడు పాలిపోయి, పొట్ట ఉబ్బి, ఆటపాటలు మానేసి కూర్చుంటే ఇంట్లో పెద్దలు పురుగులేమోనని అనుమానిస్తారు. ఆ అనుమానాన్ని తేల్చేది మల పరీక్ష. దానికి బాట వేసినవారిలో ఇటలీ శాస్త్రవేత్త జొవన్నీ బట్టిస్టా గ్రాస్సీ ఒకరు.

ఆయన 1854 మార్చి 27న ఉత్తర ఇటలీలోని రొవెల్లాస్కాలో జన్మించారు. పావియాలో వైద్యం చదివారు. రక్తం పీల్చే కొంకి పురుగును డుబీనీ అనే వైద్యుడు 1838లోనే మిలాన్‌లో శవపరీక్ష చేస్తూ కనుగొన్నారు. కాని బతికున్న రోగి పేగుల్లో అది ఉన్నదీ లేనిదీ చెప్పడం ఎలా? పురుగు పేగును కరచుకుని ఉంటుంది, బయటికి రాదు. దాని గుడ్లు మాత్రం మలంతో వస్తాయి. రవ్వంత మలాన్ని గాజు పలకపై పలుచగా పరచి సూక్ష్మదర్శినిలో చూస్తే రోగం పట్టుబడుతుందని 1878లో గ్రాస్సీ, పరోనా సోదరులు నిరూపించారు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్ళు. ఆల్ప్స్ పర్వతాల్లో గోథార్డ్ సొరంగం తవ్విన కూలీల తీవ్ర రక్తహీనతకు ఈ పురుగే కారణమని 1880లో తేలింది. అప్పుడు ఈ పరీక్ష విలువ అందరికీ తెలిసివచ్చింది.

1879 జూలైలో ఆయన ఏలిక పాము గుడ్లను తానే మింగారు. నెల రోజులకు తన మలంలో గుడ్లు చూశారు. అయితే ఆ పురుగు ఎదిగి గుడ్లు పెట్టడానికి రెండు నెలలకు పైగా పడుతుందని తరువాత తెలిసింది. కనుక అవి అంతకుముందే కడుపులో ఉన్న పురుగు గుడ్లు కావచ్చు. ఏమైనా, శిష్యుల మీద కాక తన మీదనే ప్రయోగం చేసుకున్న తెగువ ఆయనది.

మన సికింద్రాబాద్‌లో 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. మనుషులకు మలేరియాను అంటించేది అనాఫిలిస్ దోమేనని 1898లో గ్రాస్సీ బృందం రుజువు చేసింది. ఘనత ఎవరిదన్న తగవు ముదిరింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు ఒక్కరికే దక్కింది. ఆ బాధ గ్రాస్సీని చివరిదాకా వదలలేదు. అయినా మలేరియా పీడిత ఫ్యుమిచీనో గ్రామంలో ఆయన సేవ ఆగలేదు. 1925 మే 4న రోమ్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు ఫ్యుమిచీనోలోనే సమాధి చేశారు.

మన దేశంలో 2015 నుంచి నులిపురుగుల నివారణ దినాన పిల్లలకు పరీక్ష లేకుండానే ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. అయినా మాత్ర వేసినా పిల్లవాడు తేరుకోకపోతే డాక్టరు మల పరీక్షే రాస్తారు. ఒకసారి గుడ్లు కనిపించనంత మాత్రాన పురుగులు లేవనుకోరాదు, మళ్ళీ చూపించాలి. బహుమతి అందకపోయినా, గాజు పలక మీద గ్రాస్సీ చూపిన దారి పసివాళ్ళకు నేటికీ అక్కరకు వస్తూనే ఉంది.