తాను చూడని తుపాకికి పేరైన కోల్ట్

కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా యంత్రం మొరాయిస్తుందని జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్ వంటి కార్మిక వాడలవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ కొలతనే నమ్ముకుని ఎదిగిన వ్యక్తి శామ్యూల్ కోల్ట్.

1814లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జన్మించిన ఆయన, రివాల్వర్‌కు 1836లో స్వదేశంలో పేటెంటు పొందారు. ప్యాటర్సన్‌లో స్థాపించిన తొలి కార్ఖానా 1842లో మూతపడింది. 1847లో సైన్యం వెయ్యి రివాల్వర్లు కోరడంతో ఆయన దశ తిరిగింది. చేతిపనిని తగ్గించి, విడిభాగాలను యంత్రాలపై ఒకే కొలతలో చేయించారు. 1855లో హార్ట్‌ఫర్డ్‌లో భారీ కార్ఖానా నెలకొల్పారు. అంతర్యుద్ధానికి ముందు ఉభయ పక్షాలకూ ఆయుధాలమ్మారన్న నింద మోశారు. 1862లో 47 ఏళ్లకే కన్నుమూశారు. రెండేళ్లకు కార్ఖానా దగ్ధమైనా, భార్య ఎలిజబెత్ తిరిగి కట్టించారు.

ఆయన పేరును చిరస్థాయిగా నిలిపిన సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్ 1873లో గాని రాలేదు. కాల్చే ప్రతిసారీ దాని సుత్తిని బొటనవేలితో వెనక్కు లాగాలి. తెలుగువారికి 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’ పరిచయం చేసిన కౌబాయ్ లోకపు ఆయుధమిదే.

నేటి కౌబాయ్ పోటీలలో ఎక్కువగా ఇటలీలో తయారైన దాని ప్రతిరూపాలే కనిపిస్తాయి. కొన్నవారు స్ప్రింగుల బిగువు తగ్గించి, రాసుకునే భాగాలను నునుపు చేయించుకుంటారు. భద్రత కోసం ఆరు గదులలో ఐదింటినే నింపి, సుత్తిని ఖాళీ గదిపై ఉంచుతారు. కోల్ట్ యంత్రాలకు అప్పగించిన పనికి తుది మెరుగు నేటికీ మనిషి చేతిదే.