విలియం హార్వే: చేతికి కట్టు కట్టి రక్తం దారి కనిపెట్టిన డాక్టర్.. 1400 ఏళ్ల నమ్మకం ఎలా కూలిందంటే?

గుండె నుంచి బయల్దేరిన రక్తం ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకే వస్తుందని ఇప్పుడు స్కూల్ పిల్లాడిని అడిగినా చెప్తాడు. కానీ దాదాపు 400 ఏళ్ల కిందట ఇదే మాట చెప్పినందుకు లండన్‌లో పేరున్న ఓ డాక్టర్‌ని జనం పిచ్చోడి కింద జమకట్టారు. ఆయన దగ్గరికి వచ్చే రోగులు తగ్గిపోయారు. ఆ డాక్టర్ పేరు విలియం హార్వే. ఆయన దగ్గర స్కానింగ్ మెషిన్ లేదు, ఎక్స్‌రే లేదు. ఒక గుడ్డ కట్టు, రెండు వేళ్లు, చర్మం కింద ఉబ్బిన సిరలు.. వీటితోనే రక్తం ఎటు పోతుందో లోకానికి చూపించాడు.

నరం అంటాం.. కానీ అది నరం కాదు!

ఇంజెక్షన్ వేసేటప్పుడు నరం దొరకట్లేదు అని నర్సులు అంటుంటారు కదా.. నిజానికి వాళ్లు వెతికేది నరం కాదు, సిర. నరాలు మెదడుకీ, ఒంటికీ మధ్య కబుర్లు మోసే తీగల్లాంటివి. వాటిలో రక్తం పారదు. రక్తం పారే గొట్టాలు మూడు రకాలు. గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లేవి ధమనులు. తిరిగి గుండెకు తెచ్చేవి సిరలు. ఈ రెండింటినీ కలిపే వెంట్రుక కంటే సన్నని గొట్టాలు కేశనాళికలు.

ఇందులో సిరల పనే కష్టం. ధమనులకు గుండె కొట్టే దెబ్బ బలం ఉంటుంది. రక్తం సిరల్లోకి వచ్చేసరికి ఆ జోరు చాలావరకు తగ్గిపోతుంది. పైగా నిలబడ్డ మనిషి పాదాల దగ్గర్నుంచి రక్తం పైకి ఎక్కాలి. మరి అది కిందకి జారిపోకుండా ఎలా ఎక్కుతోంది? హార్వే జీవితమంతా ఈ చిక్కు చుట్టూ తిరిగిందే.

ఫోక్‌స్టన్ కుర్రాడు

హార్వే 1578 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌ దక్షిణ తీరంలోని ఫోక్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి థామస్ వ్యాపారి. తొమ్మిది మంది పిల్లల్లో విలియమే పెద్దోడు. తమ్ముళ్లలో చాలామంది వ్యాపారంలోకి వెళ్తే, ఈయన మాత్రం వైద్యం పట్టాడు. కాంటర్‌బరీలో స్కూల్ చదువు, కేంబ్రిడ్జ్‌లో కాలేజీ చదువు అయ్యాక ఇటలీలోని పాదువా యూనివర్సిటీకి వెళ్లాడు. అప్పట్లో యూరప్‌లో శరీర నిర్మాణ శాస్త్రం నేర్చుకోవాలంటే పాదువాకే వెళ్లాలి. గెలీలియో కూడా ఆ రోజుల్లో అక్కడే లెక్కలు చెప్తున్నాడు.

పాదువాలో మృతదేహాలను కోసి చూపించడానికి ఓ ప్రత్యేకమైన గది కట్టారు. మధ్యలో బల్ల, చుట్టూ బావి ఒరల్లా ఒకదానిపై ఒకటి గుండ్రటి వరుసలు. విద్యార్థులు వాటిలో నిలబడి కిందకి తొంగిచూసేవాళ్లు. బల్ల దగ్గర పాఠం చెప్పేది హైరోనిమస్ ఫాబ్రిషియస్. హార్వే గురువు ఆయనే.

అప్పటి నమ్మకం ఏంటంటే..

ఆ కాలం డాక్టర్లకు ప్రమాణం గాలెన్. క్రీస్తుశకం రెండో శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు. ఆయన లెక్క ప్రకారం తిన్న తిండి లివర్‌లో రక్తంగా మారుతుంది. సిరలు ఆ రక్తాన్ని ఒళ్లంతా పంచుతాయి. పొలానికి పారించిన నీళ్లు నేలలో ఇంకిపోయినట్టు, ఆ రక్తం కూడా ఒంట్లోనే ఖర్చయిపోతుంది. అయిపోయినంత మళ్లీ లివర్‌లో తయారవుతుంది. అంటే సిరల్లో రక్తం బయటివైపు పోతుందనే అందరూ అనుకునేవాళ్లు. సుమారు 1400 ఏళ్ల పాటు వైద్యం ఈ నమ్మకం మీదే నడిచింది.

అక్కడక్కడా దీనికి బీటలు పడకపోలేదు. 13వ శతాబ్దంలోనే అరబ్ వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్, గుండె కుడివైపు నుంచి ఎడమవైపుకి రక్తం ఊపిరితిత్తుల మీదుగానే వెళ్తుందని రాశాడు. 16వ శతాబ్దంలో ఇటలీలో రియల్డో కొలంబో కూడా అదే చెప్పాడు. అయితే ఒళ్లంతా తిరిగే పూర్తి చక్రాన్ని రుజువు చేసినోళ్లు లేరు.

తలుపులు చూసింది గురువే.. కానీ!

సిరల లోపల చిన్న చిన్న పొరల్లాంటి కవాటాలు ఉంటాయి. వాటిని 1574లోనే చూశానని ఫాబ్రిషియస్ చెప్పుకున్నాడు. 1603లో వాటి మీద మంచి బొమ్మలతో పుస్తకం వేశాడు. కానీ అవి ఎందుకున్నాయో చెప్పే దగ్గర ఆయనా పాత నమ్మకాన్నే పట్టుకున్నాడు. రక్తం మొత్తం ఒక్కసారిగా కాళ్లలోకీ చేతుల్లోకీ జారిపోకుండా ఇవి నెమ్మదింపజేస్తాయన్నాడు.

హార్వే ఈ మాట దగ్గరే ఆగిపోయాడు. కిందకి జారకుండా ఆపడానికే అయితే, మెడ సిరల్లోని కవాటాలు కూడా పైవైపే తెరుచుకోవాలి కదా? అవి మాత్రం కిందికి, గుండె వైపు తెరుచుకుంటున్నాయి. కాళ్లలో పైకి.. మెడలో కిందికి.. ఎక్కడ చూసినా దారి గుండె వైపే. సిరలోకి సన్నని పుల్ల దూర్చి చూశాడు. గుండె వైపు తోస్తే తేలిగ్గా పోయింది. ఎదురు తోస్తే కవాటం అడ్డుపడింది. అంటే అవి రక్తాన్ని నెమ్మది చేసేవి కావు.. ఒకవైపే తెరుచుకునే తలుపులు.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైందని హార్వే చివరి రోజుల్లో శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ అడిగాడు. సిరల కవాటాలు ఉన్న తీరు చూసే తట్టిందని హార్వే చెప్పినట్టు బాయిల్ తర్వాత రాశాడు.

లెక్క వేస్తే తేలిపోయింది

1602లో డాక్టర్ పట్టా పుచ్చుకుని హార్వే లండన్ వచ్చేశాడు. 1604లో ఎలిజబెత్ బ్రౌన్‌ను పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు పిల్లల్లేరు. 1609లో సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో డాక్టర్ అయ్యాడు. తర్వాత రాజు మొదటి జేమ్స్‌కు, ఆయన కొడుకు మొదటి చార్లెస్‌కు ఆస్థాన వైద్యుల్లో ఒకడయ్యాడు. పగలు రోగులు, రాజదర్బారు. మిగతా టైమంతా కుక్కలు, పాములు, కప్పలు, చేపలు, రొయ్యలు.. దొరికిన ప్రతి జీవి గుండెనూ పరీక్షించడమే పని.

అప్పుడే ఓ చిన్న లెక్క వేశాడు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే అర ఔన్సు రక్తమే బయటికి పోతుందనుకుందాం. అరగంటలో తక్కువలో తక్కువ వెయ్యిసార్లు కొట్టుకుంటుంది. మొత్తం 500 ఔన్సులు, అంటే దాదాపు 15 కిలోలు. ఒంట్లో ఉన్న రక్తమే అంత ఉండదు. అరగంటకోసారి అంత రక్తం తయారు కావాలంటే మనిషి ఎంత తిండి తినాలి? కాబట్టి కొత్త రక్తం పుట్టుకురావట్లేదు. ఉన్న రక్తమే తిరుగుతోంది.

నిజానికి హార్వే కావాలనే బాగా తగ్గించి లెక్క వేశాడు. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుందని, ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె నిమిషానికి దాదాపు అంతే పంప్ చేస్తుందని ఇప్పుడు తెలుసు.

చేతికి కట్టు.. వేలితో రుజువు

లెక్క చెప్తే నమ్మనోళ్ల కోసం కళ్లముందే చూపించే దారి ఒకటి దొరికింది. మోచేతి పైభాగాన గుడ్డతో గట్టిగా బిగించి కట్టాడు. ధమని కూడా మూసుకుపోవడంతో కట్టు కింద నాడి ఆగింది, చెయ్యి చల్లబడింది. సిరలు మాత్రం ఉబ్బలేదు. తర్వాత కట్టును కాస్త వదులు చేశాడు. లోతుగా ఉండే ధమని తెరుచుకుంది. పైపైన ఉండే సిరలు ఇంకా మూసుకునే ఉన్నాయి. అంతే.. చెయ్యి ఎర్రబడి, కట్టు కింద సిరలు తాళ్లలా లేచాయి. అంటే రక్తం చేతిలోకి వచ్చేది ధమనుల దారిన.. తిరిగి పోవాల్సింది సిరల దారిన.

ఉబ్బిన సిర మీద అక్కడక్కడా ముడుల్లా కనిపించేవే కవాటాలు. సిరను ఒకచోట వేలితో నొక్కిపట్టి, రెండో వేలితో రక్తాన్ని పై ముడి దాటేదాకా తోశాడు. ఆ రెండింటి మధ్య సిర ఖాళీ అయి అణిగిపోయింది. పైనుంచి కిందికి రక్తాన్ని తోద్దామని చూస్తే ముడి దగ్గరే ఆగిపోయింది. కింది వేలు తీయగానే సిర కిందనుంచి నిండిపోయింది. కోత లేదు, మందు లేదు. చూసినవాళ్లు ఎవరైనా తమ చేతి మీద తామే చేసుకోవచ్చు.

72 పేజీలు.. పెద్ద దుమారం

1628లో గుండె, రక్తం కదలికల మీద హార్వే లాటిన్ పుస్తకం జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయింది. 72 పేజీలే. అప్పటికి ఆయనకు 50 ఏళ్లు. పుస్తకం వచ్చాక వైద్యం బాగా దెబ్బతిందని, జనం ఆయన్ని మతి తప్పినోడిలా చూశారని ఆయన్ని ఎరిగిన జాన్ ఆబ్రే రాసిపెట్టాడు. 1636లో రాజుగారి దూతల బృందంతో జర్మనీ వెళ్లినప్పుడు ఆల్ట్‌డార్ఫ్‌లో ప్రొఫెసర్ కాస్పర్ హాఫ్‌మన్ ముందు ప్రదర్శన ఇచ్చాడు. అంతా చూసినా హాఫ్‌మన్ ఒప్పుకోలేదు. పారిస్‌లో పేరుమోసిన జాన్ రియోలాన్ కూడా గాలెన్ పక్షమే నిలిచాడు. ఆయనకు హార్వే 1649లో అచ్చులోనే జవాబిచ్చాడు.

ఈలోగా ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం వచ్చింది. 1642లో ఎడ్జ్‌హిల్ యుద్ధం జరుగుతుంటే రాజుగారి ఇద్దరు కొడుకులను చూసుకునే బాధ్యత హార్వే మీద పడింది. పొద చాటున కూర్చుని పుస్తకం తీసి చదువుకున్నాడట.. ఫిరంగి గుండు దగ్గర్లో పడేసరికి లేచి చోటు మార్చాడని ఆబ్రే రాశాడు. అదే యుద్ధ కాలంలో లండన్‌లోని ఆయన గదులను దోచుకున్నారు. పురుగుల పుట్టుక మీద ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలు పోయాయి. ఆ నష్టమే ఆయన్ని అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టింది.

అయినా ఆయన చనిపోయేలోపే రక్త ప్రసరణను చాలామంది డాక్టర్లు ఒప్పుకున్నారు. 1657 జూన్ 3న, 79 ఏళ్ల వయసులో హార్వే కన్నుమూశాడు. ఎసెక్స్‌లోని హెంప్‌స్టెడ్ చర్చిలో ఖననం చేశారు.

ఆయన చూడలేకపోయింది

హార్వే కథలో ఒక ఖాళీ మిగిలిపోయింది. ధమనుల చివర్నుంచి రక్తం సిరల్లోకి ఎలా దాటుతుందో ఆయన కంటితో చూడలేదు. దారి ఉండి తీరాలని మాత్రం వాదించాడు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీ శాస్త్రవేత్త మార్సెల్లో మాల్పీగీ మైక్రోస్కోప్‌లో కప్ప ఊపిరితిత్తిని చూసి కేశనాళికలను బయటపెట్టాడు. చక్రం పూర్తయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. రక్తం తిరుగుతుందని తేల్చిన హార్వే, జబ్బు తగ్గాలంటే రక్తం తీయాలనే పాత వైద్యాన్ని మాత్రం వదల్లేదు. ఆ పద్ధతి పోవడానికి ఇంకా రెండు శతాబ్దాలు పైనే పట్టింది.

ఇప్పుడు మీ కాళ్లలో జరిగేది ఇదే

సిర గోడలో ధమనిలాగే మూడు పొరలు ఉంటాయి. కానీ కండ తక్కువ, గోడ పల్చన. అందుకే సాగుతుంది, ఎక్కువ రక్తం పట్టుకుంటుంది. ఏ క్షణంలో చూసినా ఒంట్లోని రక్తంలో సగానికి పైగా సిరల్లోనే ఉంటుంది. చర్మం మీద నుంచి నీలంగా కనిపించినా లోపలిది ఎర్ర రక్తమే. ఆక్సిజన్ తగ్గడంతో కాస్త ముదురుగా ఉంటుంది. చర్మం మీద పడ్డ వెలుతురు తిరిగొచ్చే తీరు వల్లే ఆ నీలిరంగు. ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల్లో మాత్రం ఆక్సిజన్ నిండిన రక్తమే ఉంటుంది.

నడిచినప్పుడు పిక్క కండరాలు బిగిసి సిరలను పిండుతాయి. రక్తం పైకి లేస్తుంది. కండరం వదులైనప్పుడు కవాటం మూసుకుని దాన్ని జారనివ్వదు. ఈ తలుపులు సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందే నిలిచి సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. అవే వెరికోస్ వెయిన్స్. గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. ఎక్కువసేపు కదలకుండా ఉంటే లోతైన సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. ఒక్క కాలే అకస్మాత్తుగా వాచి నొప్పి పెడితే వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలి. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకే వస్తుంది.

గుండెకు బైపాస్ ఆపరేషన్ చేసేటప్పుడు చాలాసార్లు కాలి నుంచి సిర ముక్క తీసి అతుకుతారు. ఆ ముక్కను మామూలుగా తలకిందులు చేసి కుడతారు. ఎందుకంటే లోపలి కవాటాలు రక్తానికి అడ్డం పడకూడదు కదా. ఏ కొస ఎటు ఉండాలో సర్జన్లు చూసుకునేది పాదువాలో గురువు చూసిన ఆ చిన్న తలుపుల వల్లే.. అవి ఎటు తెరుచుకుంటాయో హార్వే చెప్పిన లెక్క ప్రకారమే.