బడి కోసం పొలం పని ఆపించిన అయ్యంకాళి

ప్రభుత్వ బడి అందరిదీ అని ఇవాళ మనం తేలిగ్గా అనేస్తాం. ఒకప్పుడు ఆ బడి గడప తొక్కడానికి మన వాళ్లు పస్తులున్నారు, దెబ్బలు తిన్నారు. కేరళలో ఆ పోరాటం నడిపిన అయ్యంకాళికి చదవడం, రాయడం రాదు.

ఆయన 1863 ఆగస్టు 28న తిరువాన్కూరు సంస్థానంలోని వెంగనూరులో పులయ కులంలో పుట్టారు. వరి పండించేది పులయలే. కానీ వాళ్లు ఊరి బాటలో నడవకూడదు, సంతలోకి రాకూడదు, బడిలో కూర్చోకూడదు. 1893లో అయ్యంకాళి ఎడ్లబండి కొని, తలపాగా చుట్టి, తమకు నిషేధించిన బాట మీదే తోలుకెళ్లారు. దారి కాచిన వాళ్లను ఎదిరించి ముందుకు సాగారు.

తర్వాత ఆయన చూపు చదువు మీద పడింది. తమ పిల్లల కోసం వెంగనూరులో వేసుకున్న బడి పాకను అగ్రకులాల వాళ్లు తగలబెట్టారు. పులయలు మళ్లీ కట్టుకున్నారు. అయితే సొంత పాకతో సరిపెట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో తమకూ వాటా ఉందన్నది ఆయన వాదన.

1907లో సాధుజన పరిపాలన సంఘం స్థాపించారు. సంఘం పేరులో కులం లేదు, దాని వెనుక ఏ పార్టీ లేదు. అణగారిన కులాల వాళ్లెవరైనా అందులో చేరవచ్చు. ఆ ఏడాదే పులయ పిల్లలను బడుల్లో చేర్చుకోవాలని సంస్థానం ఉత్తర్వు ఇచ్చింది. అధికారులు దాన్ని తొక్కిపెట్టారు. బడి తలుపు తెరుచుకోలేదు.

అప్పుడు అయ్యంకాళి కూలీలను పొలం దిగొద్దన్నారు. బడి ప్రవేశంతో పాటు కూలి, విశ్రాంతి, దెబ్బలు తప్పుడు కేసుల నుంచి రక్షణ కూడా వాళ్ల డిమాండ్లే. పొలాలు బీడు పడ్డాయి. గుడిసెల్లో పొయ్యి వెలగని రోజులొచ్చాయి. అయ్యంకాళి మత్స్యకారులతో మాట్లాడి, సమ్మె కూలీలు పడవల మీద వాళ్లతో కలిసి పనిచేసి తిండి సంపాదించుకునే ఏర్పాటు చేశారు. ఆ తోడు వల్లే సమ్మె నిలిచింది. భూస్వాములు చివరికి రాజీకి వచ్చారు.

1910లో ప్రభుత్వం మళ్లీ ఉత్తర్వు ఇచ్చినా ఘర్షణ ఆగలేదు. పంచమి అనే పులయ బాలికను ఆయన చెయ్యి పట్టుకుని ఊరుట్టంబలం బడికి తీసుకెళితే, అగ్రకుల మూక ఆ బడికే నిప్పు పెట్టింది. పుల్లాడులోనూ బడి కాలింది. మనం గమనించాల్సింది ఇక్కడే: వాళ్లు కాల్చింది తమ సొంత పిల్లలు చదివే బడిని. పంచమి పక్కన కూర్చోవడం కన్నా బడే లేకపోవడం మేలనుకున్నారు.

1911లో అయ్యంకాళిని శ్రీమూలం ప్రజాసభకు నామినేట్ చేశారు. భూమి, బడి ప్రవేశం, ఫీజు రాయితీల గురించి అక్కడ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. 1937లో గాంధీ వెంగనూరు వచ్చినప్పుడు, తన జనంలో పది మంది బి.ఎ. పాసవడం చూడాలన్న కోరికను చెప్పుకున్నారు. 1941 జూన్ 18న కన్నుమూశారు. ఊరుట్టంబలం బడి ఇప్పుడు ఆయన పేరుతో, పంచమి పేరుతో నడుస్తోంది.

దళిత మహిళ వండిందని పిల్లలను మధ్యాహ్న భోజనానికి పంపని ఊళ్ల వార్తలు మనం ఇప్పటికీ చదువుతున్నాం. అలాంటి చోట జీవో ఉందని ఊరుకుంటే పని జరగదు. జీవోను అమలు చేయించే జనం బడి గేటు దగ్గర ఉండాలి. తల్లిదండ్రుల కమిటీలో మన వాళ్లు ఎందరున్నారు, వాళ్లను మాట్లాడనిస్తున్నారా, ఆపద వస్తే పక్క పేట నుంచి ఎవరు వస్తారు? ఈ ప్రశ్నలతో ముందు మన ఊరి బడికి వెళ్దాం.